దూది, పటికబెల్లం

అరకులో చుట్టాల పెళ్ళి చూసుకుని, నేనూ మా ఆడపడుచు కౌముదీ విజయనగరం బయలుదేరాం. సాయంత్రం అక్కడ మేమిద్దరం కలిసి పాడాలి. ఆ పాట విని, వచ్చే ఏడు ఇద్దరిలో ఒకరికి సొంతంగా కచేరీ ఇస్తానని సంగీతసభ భావనారాయణగారు మాటిచ్చారు. నాకేమో జలుబు. కొండ దిగేటప్పుడు సొరంగాల్లో చెవులు మూసుకుపోతాయని ఒకటే భయం.

మమ్మల్ని రైలెక్కించడానికి స్టేషనుకి మా అత్తగారు జగదీశ్వరి వచ్చింది. ఇద్దరికీ పాట నేర్పింది ఆవిడే. నేను లోపల సామాను సర్దుతుంటే, కిటికీలోంచి కౌముది చేతిలో చిన్న పొట్లం పెట్టి ఏదో చెప్పింది. కూతురికి పెట్టుకుంది, మధ్యలో నేనెందుకు అడగడం అనుకున్నాను.

మొదటి సొరంగంలోకి దూరగానే గాలి బరువెక్కి చెవుల్ని నొక్కింది.

"వదినా, సెవుల్లో దూది పెట్టుకో. గాలి దూరదు," అంటూ కౌముది దూది తీసి, తనే ఉండలు చేసి ఇచ్చింది. ఎంత ప్రేమో అని మురిసిపోయాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉంటుందా?

తను మాత్రం ఏదో చప్పరిస్తోంది.

"ఏటే అది?"

"గొంతు మాత్ర."

ఒక్కో సొరంగం దాటేకొద్దీ నొప్పి పెరిగింది. కొత్తవలసలో బండి మారేసరికి నా కుడి చెవి పూర్తిగా మూసుకుపోయింది. నా గొంతు నాకే బావిలోంచి వస్తున్నట్టుంది.

"ఎవరికీ సెప్పకే. శ్రుతి తప్పితే నా సెయ్యి నొక్కు," అని బతిమాలాను.

"నేనున్నాను కదా వదినా," అంది.

వేదిక మీద తంబురా నాకు సగమే వినిపించింది. భావనారాయణగారు ముఖం చిట్లించాకే తెలిసింది, నేను శ్రుతి తప్పానని. కౌముది చెయ్యి తన ఒళ్ళోంచి కదల్లేదు. నేను ఆగిపోయాను. తను ఆగలేదు. చివర్లో ఆయన మైకు తీసుకుని, వచ్చే ఏటి కచేరీ కౌముదిదేనని అందరి ముందూ చెప్పేశారు.

ఇంటికి వెళ్ళడానికి ఆమదాలవలస రైలెక్కాక అత్తగారు ఫోన్ చేసింది. ఎడమ చెవికి పెట్టుకున్నాను.

"ఏటి విశాలీ, పటికబెల్లం పనిసేసిందా? సొరంగం వచ్చినప్పుడల్లా ముక్క సప్పరించి గుటకేస్తే సెవులు మూసుకోవు. నీకు జలుబు కదా, ముందు నీకే ఇమ్మని కౌముదికి మరీ మరీ సెప్పాను."

ఒళ్ళు మండిపోయింది. సొంత చెల్లెలనుకున్నాను దీన్ని.

"పనిసేసిందత్తా," అన్నాను. "మీ అమ్మాయికి బాగా పనిసేసింది."

"దానికియ్యి ఫోను," అంది. ఇచ్చాను. తల్లి ఏమందో గానీ కౌముది ముఖం పాలిపోయింది. ఫోన్ పెట్టేసి, నా భుజం పట్టుకుని ఏడుస్తూ ఏదో చెప్పుకోవడం మొదలుపెట్టింది.

నేను లేచి, దానికి రెండోవైపు వచ్చి కూర్చున్నాను. ఇప్పుడు దానివైపు ఉన్నది నా కుడి చెవి.