అన్న గొంతు దాటిన తీగ

రిహార్సల్లో అన్న విసిరిన మైకు స్టాండు చెల్లెలి చెవిని రాసుకుంటూ పోయి వెనక గోడకు కొట్టుకుంది. తమ్మె చిట్లి నెత్తురు మెడ మీదికి దిగింది.

"నా పాట సగంలో ఉండగానే నీ తీగ చచ్చిపోతోంది. రేకు డబ్బా వాయించుకోపో!" అని అరిచాడు.

డ్రమ్ములవాడు తల దించుకున్నాడు. బృందం అన్నది. పాడేదీ అన్నే, కొట్టేదీ అన్నే. నాన్న పోయాక ఇంట్లో చెయ్యెత్తే హక్కు తనకొచ్చిందనుకున్నాడు. ఆమెకు పెళ్లయినా ఆ అలవాటు పోలేదు.

ఆమె వాయించేది పెడల్ స్టీల్ గిటారు. బల్లలా కాళ్ల మీద నిలబడే ఆ వాయిద్యం ముందు కూర్చుని, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ, కుడిచేత్తో మీటుతూ, కాళ్లతో పెడళ్లు తొక్కాలి. మీటిన స్వరం ఎంతసేపు నిలిస్తే అంత అందం. ఆమెది నోట్లో వేసుకున్న పంచదారలా ఇట్టే కరిగిపోయేది.

లేత్ మిషను మీద పనిచేసే ఆమె భర్త ఇంటికి రాగానే చెవి చూశాడు. "ఈసారి నేనొచ్చి వాడి సంగతి తేలుస్తా" అన్నాడు పళ్లు బిగించి.

"నువ్వు రావద్దు. నాకు బరువైన కడ్డీ ఒకటి చేసిపెట్టు."

అతను ఉక్కు ముక్కను లేత్ మీద తిప్పి చెక్కి, అద్దంలా నున్నగా చేసిచ్చాడు. ఆమె తుప్పు తీగలన్నీ పీకి కొత్తవి బిగించింది. తీగలు ఆనే చోట పడ్డ గాట్లను గరుకు కాగితంతో అరగదీసింది. శబ్దాన్ని మొదట్లోనే వదిలెయ్యకుండా, స్వరం సన్నబడేకొద్దీ కుడికాలితో శబ్దం పెంచే పెడల్‌ను మెల్లగా నొక్కడం నేర్చుకుంది. మీటిన ప్రతిసారీ అన్న మొహం కనబడేది. కసి కొద్దీ ఇంకా నొక్కేది.

తర్వాతి కచేరీలో హాలు కిటకిటలాడింది. అన్న ఆఖరి చరణం ఎత్తి రాగం లాగాడు. ఊపిరి చాలక గొంతు తెగింది. తీగ మాత్రం తెగలేదు. మోగుతూనే ఉంది. జనమంతా ఆమె వైపు తిరిగి లేచి నిలబడ్డారు.

వేదిక వెనక గదిలోకి సామాను చేర్చగానే అన్న తలుపు గడియ పెట్టాడు.

"నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తావా?"

"తీగ చచ్చిపోతోందని నువ్వే కదన్నా అన్నావు!"

జుట్టు పట్టి ఆమె మొహాన్ని గోడకేసి బాదాడు. గిటారును తన్నాడు. కాళ్లు విరిగి అది పక్కకు ఒరిగింది. పట్టుకోబోయి ఆమె కిందపడింది. నేల మీదున్న ఆమె ఎడమచేతిని బూటుతో తొక్కి మడమ తిప్పాడు. వేళ్లు పటుక్కుమన్నాయి.

దొర్లిన కడ్డీ కుడిచేతికి దొరికింది. దాంతో అతని మోకాలి మీద కొట్టింది. అన్న కూలబడ్డాడు. భుజం మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు చెవికి ఇంపుగా తోచింది. మూడోసారి తలకు గురిపెట్టి ఎత్తింది.

తలుపు బద్దలైంది. డ్రమ్ములవాడు ఆమె చెయ్యి ఒడిసిపట్టాడు. "చాల్లే అక్కా, చచ్చిపోతాడు!"

"తెలుసు" అంది ఆమె. తన నోటి మాట తానే విన్నాక గానీ ఆమె కడ్డీ వదల్లేదు.

ఆస్పత్రిలో ఇద్దరూ మెట్ల మీంచి పడ్డామనే చెప్పారు. అన్న మోకాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. ఆమె ఎడమచేతి చివరి రెండు వేళ్లూ కొయ్యబారిపోయాయి. వాయించేటప్పుడు ఎలాగూ వంచక, కడ్డీ వెనక తీగల మీద చాపి ఉంచే వేళ్లే అవి. కాబట్టి నొప్పి తగ్గాక వాయించగలిగింది. భర్త గిటారుకు కొత్త కాళ్లు చేసిపెట్టాడు. ఆమె వేరే బృందంలో చేరింది.

ఒక మధ్యాహ్నం, భర్త పనిచేసుకునే షెడ్డులో ఆమె సాధన చేస్తుంటే అన్న కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"జరిగిందేదో జరిగింది. తిరిగి రా. నువ్వు లేకపోతే ఎవరూ పిలవట్లేదు."

"రాను. గుమ్మం దాటొద్దు."

అలవాటుగా కర్ర లేచింది. ఆమె కదల్లేదు. భర్త మిషను ఆపి దగ్గరికి వచ్చాడు.

"దించు బావా" అన్నాడు.

అన్న కర్ర దించి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె తీగ మీటింది. కుడికాలు వణుకుతుంటే స్వరం కూడా వణికింది. తీగల మీంచి చేతులు తీసి, కాలి వణుకు తగ్గేదాకా ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

భర్త తలుపు మూయబోయాడు.

"తెరిచే ఉంచు" అంది. "ఉక్కగా ఉంది."