గుండీలు లేని చొక్కా

పార్టీ అధికార ప్రతినిధి ఇంట్లో తెల్లవారేది సూదిలో దారం ఎక్కించడంతోనే. విలేకరుల ముందు ఆయన అబద్ధమాడినప్పుడల్లా చొక్కా గుండీ ఒకటి తెగి రాలేది. ఆ పదవిలో చేరిన నాటి నుంచీ అంతే. విలేకరులు వాటిని ఏరి మర్యాదగా చేతిలో పెట్టేవారు. మర్నాడు ఇల్లాలు కుట్టేది. జనం ఓట్లు వేస్తూనే ఉండేవారు.

ఆ ఉదయం మాత్రం ఆమె సూది ముట్టలేదు. ముందురోజు ఊరి వంతెన కుంగి ముగ్గురు పోయారు. తప్పంతా ఇంజనీరుదేనని ప్రకటించమని అధ్యక్షుడి ఆజ్ఞ. ఆ ఇంజనీరు ఆమె తమ్ముడు. వంతెన మూసేయాలని అతడు మొత్తుకోవడం, దాని మీదుగా జనం రావాల్సిన బహిరంగ సభ అయ్యేదాకా నోరు మూసుకోమని అధ్యక్షుడు కసరడం, ప్రతినిధి ఆ గదిలోనే ఉండి విన్నాడు.

“వాణ్ణి జైలుకు పంపే మాటకు రాలిన గుండీలు నేను కుట్టనండీ,” అంటూ ఆమె మెడమీదుగా తొడుక్కునే చొక్కా అందించింది. “ఇది వేసుకెళ్లండి. రాలడానికేమీ ఉండదు.”

ఆయన దాన్నే తొడుక్కుని బయల్దేరాడు.

సమావేశ మందిరంలో వృద్ధ విలేకరి ఆయన్ను ఎగాదిగా చూశాడు. “ఏం సార్, ఇవాళ మాకు నడుం వంచే పని తప్పించారే!”

అందరూ నవ్వారు. ప్రతినిధి కాగితం విప్పాడు. “ఈ దుర్ఘటనకు పూర్తి బాధ్యత...” అలవాటు కొద్దీ అరచెయ్యి రొమ్ము మీదికి పోయింది. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు. ఆయన కాగితం మడిచేశాడు.

“వంతెన మూసేయమని ఇంజనీరు చెప్పాడు. వద్దన్నది మేము. నేనక్కడే ఉన్నాను.”

“బావమరిదిని వెనకేసుకొస్తున్నారా?” వెనుక వరసలోంచి ఎవరో అన్నారు. “గుండీల్లేకుండా వచ్చి చెబితే ఎలా నమ్మేది?”

అడిగినదాంట్లో తప్పులేదు. ప్రతినిధి వృద్ధ విలేకరి వైపు తిరిగాడు. “మీ కోటోసారి ఇస్తారా?”

బిగుతైన ఆ కోటులో దూరి, ఊపిరి బిగబట్టి, గుండీలన్నీ పెట్టుకుని, అదే మాట మళ్లీ చెప్పాడు. కెమెరాలన్నీ ముఖాన్ని వదిలి పొట్ట మీదికి దిగాయి. ఒక్క గుండీ కదల్లేదు.

సాయంత్రానికి ఆయన పదవి పోయింది. ఇంజనీరు కోసం వెళ్లిన పోలీసు బండి ఖాళీగా తిరిగొచ్చింది.

కోటు విప్పడం కూడా మరిచి ఇంటికి చేరాడు. ఇల్లాలు గుండీలు ఒక్కొక్కటీ తాకి చూసింది. నడిమిది పాతబడి, ఒకే ఒక్క పోగు మీద వేలాడుతోంది.

“ఎవరిదండీ ఇది?”

“విలేకరిది. రేపు ఇచ్చేయాలి.”

“ఉండండి, విప్పకండి,” అని ఆమె సూది తెచ్చింది.