రేపుగారి పెట్టుబడి

పొద్దున పనికి కూర్చునేసరికి రేపుగారి దగ్గరున్నవి మూడు: తీగల కట్ట, తీగ కొసకు పిన్ను బిగించే ప్లయరు, పక్కన పీట మీద భార్య. మొదటి రెండూ ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. వ్యాపారం నిలబడింది మూడోదాని మీద.

అతనికి ఆకుపచ్చకూ గోధుమ రంగుకూ తేడా తెలియదు. పుట్టుకతో వచ్చిన కళ్ళు అవి, మందు లేదు. అలాంటి మనిషి కార్ల వైరింగులోకి దిగడం సరుకు చూడకుండా బేరం కుదుర్చుకోవడమే. కానీ వేళ్ళు చురుకు, ఓపిక ఎక్కువ, అతను బిగించిన పిన్ను ఊడిన దాఖలా లేదు.

కారుతో వచ్చిన కంపెనీ కంప్యూటరు తీసేసి, ఇంజనుకు బలం పెంచడానికి బయట కొన్న కంప్యూటరు పెట్టించుకునేవాళ్ళు అతని ఖాతాదారులు. దానితో పాటు రంగురంగుల తీగల కట్ట ఒకటి వస్తుంది. ఏ రంగు ఎక్కడికి పోవాలో ఒక కాగితం చెబుతుంది. మీటరు పట్టుకుని ఒక్కో తీగనూ ఈ కొస నుంచి ఆ కొసకు వెతుక్కుంటే రంగుతో పనిలేదు. పెళ్ళికి ముందు అలాగే చేసేవాడు. ఒక్క కట్టకు వారం పట్టేది. పెళ్ళయ్యాక అది పూట పని అయింది. ఆమె రంగు చెబుతుంది, అతను కాగితం చూసి ఆ తీగకు నంబరు వేసిన ప్లాస్టిక్ తొడుగు ఎక్కిస్తాడు. మొదట్లో ఆమె చెప్పినదాన్ని మీటరుతో సరిచూసేవాడు. ఎప్పుడూ తప్పు దొరక్కపోయేసరికి సరిచూడటం మానేశాడు. ఆ మేరకు ఇంకొంత వేళ కలిసొచ్చింది.

అతనికి పనిచ్చే కార్ల షెడ్డులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇంజను అతని చేతికివ్వరు. ఎవరు పని చెప్పినా "రేపిస్తా" అని కట్ట చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు కనుక అందరూ రేపుగారంటారు. అతనూ పలుకుతాడు.

"ఇది?" అన్నాడు.

"గ్రీన్."

"ఇది?"

ఆమె తీగను కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. కాసేపు చూసింది. "బ్రౌన్. ఈ కిటికీ తుడిచి ఎన్నాళ్ళయిందో."

"నిన్ననేగా తుడిచావు."

"అయితే మొహం తుడుచుకోవాల్సింది నేనే."

అతను నవ్వి రెండింటికీ తొడుగులు ఎక్కించాడు.

ఆ రెండు తీగలూ ముఖ్యమైనవి. ఇంజను నెత్తిన రెండు క్యామ్ షాఫ్టులుంటాయి. గాలి లోపలికి వచ్చే వాల్వులను ఒకటి, పొగ బయటికి పోయే వాల్వులను ఇంకొకటి తెరుస్తాయి. ఎప్పుడు తెరవాలన్నది ఇప్పటి ఇంజన్లలో కంప్యూటరు కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటుంది. ఒక్కో షాఫ్టుకూ జరిపే యాక్చువేటరు ఒకటి, ఎంత జరిగిందో చూసి చెప్పే సెన్సరు ఒకటి. జరిపే తీగా చూసే తీగా ఒకే షాఫ్టువి అయి ఉండాలి. ఆమె రంగు చెప్పిన రెండూ జరిపే తీగలు, ఒక్కో షాఫ్టుకు ఒకటి.

మధ్యాహ్నానికి షెడ్డు చేరాడు. ఓనరు అతనికన్నా చిన్నవాడు, నోటికి తాళం లేదు.

"రేపుగారు ఇవాళే వచ్చేశారే. వాన పడుతుందేమో."

"పడితే కారేది మీ షెడ్డే బాబూ, నాకేం."

డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని కట్టను రబ్బరు రంధ్రంలోంచి ఇంజను వైపు దూర్చాడు. సైలెన్సరు గొట్టం వేడి తగలకుండా పైనుంచి తిప్పి కట్టాడు. సెన్సరు తీగలను ఇగ్నిషన్ కాయిళ్ళకు ఎడంగా నడిపాడు. ప్లగ్గులు ఒక్కొక్కటీ టిక్కుమనేదాకా నొక్కాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నిలకడగా, మెత్తగా తిరుగుతోంది. ఓనరు కారును పరీక్ష రోలర్ల మీదికి ఎక్కించి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని యాక్సిలరేటరు తొక్కాడు.

వేగం అందుకునే చోట ఇంజను గుక్క పట్టింది. ఇంకా తొక్కితే ఇంకా నీరసించింది. ఓనరు కాలు తీసేశాడు.

"ఇదేంటండీ, మెట్లెక్కే ముసలాళ్ళలా?"

రేపుగారు వంగి, ఒక్కో షాఫ్టు కదలికనూ ఒక్కో గీతగా చూపించే తెర చూశాడు. కదలమన్న గీత పడుకునే ఉంది. ఎవరూ ఏమీ అనని రెండో గీత లేచి నిలబడింది. కంప్యూటరు ఒకరిని తోస్తూ ఇంకొకరి మొహం చూస్తోంది. వాళ్ళు కదలడం లేదని మరింత తోస్తోంది. మెల్లగా తిరిగేటప్పుడు ఎవరినీ తోసే పని లేదు కాబట్టి అప్పుడు బయటపడలేదు.

రెండు యాక్చువేటర్ల తీగలూ తారుమారయ్యాయి. మీటరు పెడితే అదే తేలింది. ఆమె చెప్పిన రంగులకు కాగితం ప్రకారం తొడుగులు సరిగ్గానే ఉన్నాయి. మిగిలింది రంగు. ఆ రెండు తీగలనూ పక్కకు లాగి, ఇంకో కారు తలుపుకు రంగు కొడుతున్న పెయింటరును పిలిచాడు.

"తమ్ముడూ, ఇవేం రంగులంటావు?"

"నాకే పరీక్ష పెడుతున్నావా అన్నా? ఇది బ్రౌన్, అది గ్రీన్. చిన్నపిల్లాడైనా చెబుతాడు."

ఆమె సరిగ్గా తిరగేసి చెప్పింది.

రెండు పిన్నులు పీకి తారుమారు చేయడం ఎంతసేపు. చేశాడు. ఈసారి ఇంజను పైదాకా ఏకబిగిన లాగింది. రెండు గీతలూ చెప్పినట్టు విన్నాయి.

"మీ చేతిలో తప్పు చూడటం ఇదే మొదలు," అన్నాడు ఓనరు.

"నాదే పొరపాటు బాబూ. కళ్ళజోడు మార్చాలి."

"మార్చండి. ఇంకో కట్ట కూడా వచ్చింది, తీసుకెళ్ళండి. రేపే కదా?"

అతను కట్ట అందుకున్నాడు. అందులోంచి ఒక తీగను పెయింటరు చేత బ్రౌన్ అనిపించుకుని, దాని కొస కొంచెం వంచి, కట్టను ఇంటికి తెచ్చాడు. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. వంచిన కొస ఆమె చేతికిచ్చాడు.

"ఇది?"

"గ్రీన్," అంది. అతని మొహం చూసి, "కాదా?" అంది.

"ఎప్పట్నుంచి?"

"ఎడమ కన్ను ముందే పోయింది. కుడిదాంతో నెట్టుకొస్తున్నా. తల ఒకవైపు పోటు, పగిలిపోతోంది."

"చెప్పొచ్చుగా."

"చెబితే మళ్ళీ మీటరు పట్టుకుంటారు. వారం పడుతుంది మీకు."

"పట్టనీ. వారం కాకపోతే రెండు వారాలు. ముందు ఆస్పత్రికి పద."

"రేపు పోదాం లెండి."

"ఇప్పుడే. ఆ రేపు నాకు వదిలెయ్."

ఆమె నవ్వింది. అతను చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోకుండా బండి కోసం వీధి చివరిదాకా వెళ్ళాడు. మొదటి బండివాడు ఆగలేదు. రెండోవాడిని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఆమె మంచం మీదే గోడకు ఆనుకుని ఉంది. దీపాన్ని దగ్గరికి లాక్కుని ఉంది. ఒళ్ళో కట్ట విప్పి ఉంది. ఒక తీగ వేళ్ళ మధ్య ఉంది, పట్టు మాత్రం లేదు.

రెండుసార్లు పిలిచాడు. బండివాడు గుమ్మంలోంచే చూసి చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, పక్కింటావిడను కేకేశాడు. కిరాయి మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

ఆమెను కింద పడుకోబెట్టాక రేపుగారికి చేయాల్సిన పనేమీ కనబడలేదు. పీట మీద కూర్చున్నాడు. ఆమె వల్ల వారం పని పూటలో అయ్యేది. అలా మిగిలిన రోజులన్నీ ఏం చేశాడో ఆలోచిస్తే, ఇంకో చోట ఇంకో పనికి పెట్టినట్టు గుర్తు రాలేదు. ఎక్కువగా ఈ గదిలోనే, ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆమె ఏదో ఒకటి అనేది, అతను నవ్వేవాడు. వచ్చిన లాభం అదే. అంతా వాడేసుకున్నాడు.

మంచం మీద కట్ట అలాగే ఉంది. సగం చిక్కుగా ఉంది. ఆమె విడదీసిన సగం దుప్పటి మీద ఒక వరసలో, కొసలన్నీ అతను కూర్చునే వైపుకు తిప్పి ఉంది.