కాళ్లతో పుట్టిన అనసూయమ్మ

అనసూయమ్మ కాళ్లతో పుట్టింది. అంటే తల్లి కడుపులోంచి తలకన్నా ముందు పాదాలు బయటికొచ్చాయన్నమాట. అలా పుట్టినవాళ్లు తొక్కితే ఎంత పట్టేసిన నడుమైనా వదులవుతుందని మౌలాలిలో వాళ్ల బస్తీ మొత్తానికి నమ్మకం. పొద్దున లేస్తే ఆమె వాకిట్లో ఎవరో ఒకరు మూలుగుతూ బోర్లా పడుకొని ఉండేవారు. డాక్టరు దగ్గరికి పోతే స్కానింగులు, ఈమె దగ్గరికొస్తే నాలుగు తొక్కులు! ఆమెకూ ఆ సంగతి గర్వమే, దాచడం ఎందుకు?

ఆమె భర్త పేరు బ్రహ్మచారి, వడ్రంగి పని చేసేవాడు. మొన్న అల్లుడు ఓంప్రకాశ్ కొత్త కారు కొని అత్తామామలను షిర్డీ తీసుకుపోయాడు. వెనక సీట్లో సామాన్ల మధ్య కాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు బ్రహ్మచారి. కారు ఆపమని అల్లుణ్ని అడగాలంటే మొహమాటం. ఒంటికి పోవాల్సి వస్తుందని దారి పొడుగునా నీళ్లే ముట్టలేదు మహానుభావుడు. వచ్చేటప్పుడూ అదే తంతు.

ఇంటికొచ్చిన మర్నాటికి ఎడమ పిక్క ఉబ్బింది. ఎర్రగా, వేడిగా, చెయ్యి తగిలితే ప్రాణం పోయేటంత నొప్పి.

"నాయినను దవాఖానకు తీస్కపోదామే. ఒక్క కాలే గిట్ల వాచుడేందమ్మా? నాకు భయమైతుంది," అంది కూతురు భవాని.

అనసూయమ్మకు చిర్రెత్తింది. ఊరందరి నొప్పులూ తీసే మనిషి సొంత మొగుణ్ని ఆస్పత్రికి పంపితే నలుగురూ నవ్వరూ?

"నీకేం ఎర్కనే? కార్ల కూసోని కూసోని నరం పట్టింది. గింతదానికి పరేషాన్ ఎందుకు? నేనున్న గద."

నువ్వుల నూనె వేడిచేసి పిక్కను బలంగా పిసికింది. ఆ తర్వాత పాదంతో తొక్కింది. బ్రహ్మచారి పళ్లు బిగపట్టి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నొప్పి పోయేటప్పుడు గట్లనే ఉంటది" అంటూ ఆమె ఇంకా గట్టిగా తొక్కింది. మర్నాడూ అదే పని. ఆ సాయంత్రం చాయ్ తాగుతూ ఉన్నట్టుండి ఆయన ఛాతీ పట్టుకున్నాడు. గాలి అందక నోరు తెరిచాడు.

సికింద్రాబాద్‌లో ఆస్పత్రికి చేర్చాక డాక్టరమ్మ బయటికొచ్చి అందరినీ కూర్చోబెట్టింది.

"చాలాసేపు కదలకుండా కూర్చుంటే ఒక్కోసారి కాలిలో రక్తం గడ్డకడుతుందమ్మా. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయింది. మందులిస్తున్నాం, కానీ గుండె తట్టుకునేలా లేదు. ఆ కాలికి ఎవరైనా మర్దన చేశారా?"

"నేనన్న కారు జెర మధ్యల ఆపకపోతి," అని గొణిగాడు ఓంప్రకాశ్. భవాని మాత్రం తల్లి వైపు చూసింది. అంతకన్నా చెంప పగలగొట్టినా బాగుండేదనిపించింది అనసూయమ్మకు.

"నేనే తొక్కిన," అంది.

డాక్టరమ్మ తిట్టలేదు. తొక్కకపోయినా ఆ గడ్డ కదిలి ఉండొచ్చు, చెప్పలేమంది. ఆ మాట అనసూయమ్మ చెవిన పడింది గానీ మనసుకెక్కలేదు.

లోపలికి ఒక్కరినే పొమ్మన్నారు. ఆక్సిజన్ మాస్కు కింద బ్రహ్మచారి ఎగశ్వాసతో ఉన్నాడు. భార్య కనపడగానే మొహం విప్పారింది. చేత్తో మాస్కు పక్కకు జరిపాడు.

"అనసూయా, కాలు గుంజుతున్నది. జెర తొక్కవే. నువ్వు తొక్కితేనే తగ్గుతది."

ఏమని చెప్పాలి? నీ ప్రాణం మీదికి తెచ్చింది నా కాలే అని, పోయే మనిషికి చెప్పాలా? చెప్పి ఎవరిని ఉద్ధరించాలి?

"డాక్టరమ్మ వద్దన్నదయ్యా."

"ఆమెకేం ఎర్క? తొక్కవే, నీకు దండం పెడ్త."

నిజంగానే చేతులెత్తబోయాడు. జన్మలో ఆమెకు దండం పెట్టిన మనిషి కాదు. అనసూయమ్మ వెనక్కి నడిచి గోడకు ఆనుకొని నిలబడింది. ఏడుపు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. అలిగిన పిల్లాడిలా ఆయన పిలుస్తూనే ఉన్నాడు. ఆ పిలుపు ఆగిపోయేదాకా ఆమె దగ్గరికి పోలేదు.