నాకోసం కొన్న పెద్ద బండి

బండి నాకోసమే కొన్నారు. నన్నొక్కదాన్ని తప్ప ఊళ్ళో అందరినీ అడిగి కొన్నారు.

మాది మక్తల్ దగ్గర పల్లె. మా ఆయన గాలయ్యకు గొర్రెల మంద ఉంది. ఎండాకాలం వస్తే మంద కృష్ణ ఒడ్డు ఊళ్ళ వైపు పోతుంది. పంట కోసిన చేలల్లో రాత్రిళ్ళు మందను పడుకోబెడితే ఎరువు పడుతుందని అక్కడి రైతులు పిలుస్తారు. ఈయన మందతోనే ఉండిపోతాడు. జొన్నరొట్టెలు, గొర్రెల మందులు మోసుకుని రోజు విడిచి రోజు అక్కడికి పోవాల్సింది నేను. ఆటో నిండితే గానీ కదలదు. పోయిన ఎండాకాలం మందు సీసా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. ఇంకో మనిషి ఎక్కాలని డ్రైవరు బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. నేను చేరేసరికి అక్కడ ఒక ఈనిన గొర్రె చచ్చిపోయి ఉంది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడ్చి, మా ఆయన మందతో ఊరికి తిరిగి రాగానే, ఇక నుంచి నా బండి మీద నేనే పోతానని చెప్పాను.

మా ఆయన వెంటనే సరే అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్క మాటకు సరే అన్నది అప్పుడే. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

ఆయనకు సైకిల్ తొక్కడం కూడా రాదు. పుట్టినప్పటి నుంచి మంద వెనక నడిచిన మనిషి. అయినా బండి మాట వచ్చేసరికి సీసీల గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. సీసీ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, ఎంత ఎక్కువైతే అంత మంచిదని మాత్రం గట్టి నమ్మకం. చాయ్ హోటల్లో అడిగాడు, మంగలి దగ్గర అడిగాడు, సంతలో అడిగాడు. అందరూ తాము కొనలేని బండి పేరే చెప్పారు.

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్న మా బిడ్డ నిరోష ఒక్కతే అడ్డం చెప్పింది. "అమ్మ ఎత్తు ఎంత, బలం ఎంత చూడు నాయినా. మొదటిసారి నడిపెటోళ్ళకు నూరు సీసీ చాలు."

"నువ్వు సదువుకో పో," అన్నాడు.

ఇక మా మరిది శ్రీశైలం. మక్తల్‌లో ఎరువుల దుకాణంలో పని చేస్తాడు, తెలియని సంగతి లేదు. "వదినె, నూరు సీసీ మీద కూరగాయలకు పోతరు. మన ఇజ్జత్ ఏం గావాలె? మూడు నూర్ల యాభై తీస్కుంటే ఎనకొచ్చే లారీ సుత హారన్ కొట్టది," అన్నాడు. లారీ హారన్ కొట్టకపోతే గొర్రెకు మందు ఎలా చేరుతుందో నాకు అర్థం కాలేదు.

మహబూబ్‌నగర్ షోరూంకు ముగ్గురం పోయాం. సంతలో పొట్టేలును చూసినట్టే మా ఆయన బండిని చూశాడు. చుట్టూ తిరిగాడు, ట్యాంకు మీద చరిచాడు, ముందు చక్రం పట్టి ఊపాడు, వంగి పొట్ట కింద కూడా చూశాడు. నోరు తెరిచి పళ్ళు చూడడం ఒక్కటే తక్కువ. ఎవరు నడుపుతారని షోరూం అమ్మాయి అడిగితే అన్నదమ్ములిద్దరూ నన్ను చూపించారు. ఆ పిల్ల నా చెప్పుల దగ్గర్నుంచి కొప్పు దాకా చూసి ఒక చిన్న బండి దగ్గరికి నడిచింది. మా ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"గది మేకపిల్ల లెక్కున్నది. పెద్దది చూపియ్యమ్మా," అన్నాడు.

పెద్దదాన్ని స్టార్ట్ చేయించి కళ్ళు మూసుకుని విన్నాడు. గొంతు బాగుందని అక్కడికక్కడే ఖాయం చేశాడు. ఒకసారి కూర్చుని చూస్తానన్నాను. "ఇంటికాడ కూసుందువుగని వదినె, మనదే గద," అన్నాడు శ్రీశైలం.

ఇంటి దాకా అతనే తోలుకొచ్చాడు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నన్ను ఎక్కించారు. ఎడమకాలి బొటనవేలు నేలకు తగిలింది. కుడికాలు గాలిలో ఉంది. స్టాండు తీయగానే బండి ఒక పక్కకు ఒరిగింది, దాంతోపాటు నేనూ ఒరిగాను. నిమ్మకాయలు ఇంకా నలగనే లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ముందు బండిని లేపారు, తర్వాత నన్ను లేపారు.

"మొదట్ల గట్లనే ఉంటది. ఇంజను జర కుదురుకోవాలె. కొన్ని దినాలు నేను తోల్త," అన్నాడు శ్రీశైలం.

ఇంజను కుదురుకోవడం కోసం నా బండి మక్తల్ బజార్లన్నీ తిరిగింది. పెళ్ళిళ్ళకు పోయింది, దావత్‌లకు పోయింది. పెట్రోలు అయిపోవస్తే మాత్రం బుద్ధిగా మా వాకిట్లోకి వచ్చి నిలబడేది. మళ్ళీ ఎండాకాలం వచ్చి మంద కదిలితే నేను ఆటోలోనే పోయాను. బండి కొన్నారట గదా అని ఆటోలో అందరూ అడిగేవారు.

ఒళ్ళు మండి పక్కింటి జానమ్మ దగ్గరికి పోయాను. ఆమె పాత మోపెడ్ మీద పాలక్యాన్లు మోస్తుంది. "దీనికి గేర్లు లేవు, గీర లేదక్కా. ఎక్కు," అంది. నాలుగు పొద్దులు తిరిగేసరికి బస్సు స్టేజీ దాకా పోయి రాగలిగాను. రెండు కాళ్ళూ నేల మీద ఆనుతుంటే భయం దానంతట అదే పోయింది. సంతోషం పట్టలేక మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను.

"గా డొక్కు బండి మీద మంద కాడికి రాకు. రైతులు చూస్తే ఏమనుకుంటరే," అన్నాడు.

ఒకరోజు తెల్లవారగానే ఆయన ఫోన్ వచ్చింది. "మంద వేరుశనగ చేన్ల వడ్డది. కడుపులు ఉబ్బినయ్. మందు పట్టుకొని జల్ది రా. ఎర్రచెవులది సుత పండుకున్నది."

ఎర్రచెవులది అంటే పోయిన ఎండాకాలం చచ్చిపోయిన గొర్రెకు పుట్టిన పిల్ల. నేను సీసాతో పాలు పట్టి, కడుపు పక్కన పడుకోబెట్టుకుని పెంచాను. నా చప్పుడు వింటే మందలోంచి విడిపోయి వచ్చేది.

"ఇప్పుడు ఆటో దొరకదయ్యా," అన్నాను.

"ఆటో ఎందుకే? మూడు నూర్ల యాభై ఉన్నది గద మనకు."

జానమ్మ పాలకు పోయింది. పెట్రోలు అయిపోవచ్చి పెద్దబండి వాకిట్లోనే ఉంది. దేవుడికి దండం పెట్టుకుని, మందు సీసా నడుముకు కట్టుకుని అరుగు మీంచి ఎక్కాను. శ్రీశైలం వేసినట్టే గేరు వేసి ఊరు దాటించాను కూడా. వాగు దగ్గర ఇసుక తగలగానే బండి ఆగింది. కాలు పెడదామంటే నేల అందలేదు. బండి నా మీద పడింది, సైలెన్సర్ తగిలి పిక్క కాలింది. ఎలాగో బయటికి వచ్చాను గానీ బండిని జానెడు కూడా లేపలేకపోయాను. ఇసుకలో నిలబడి మా ఆయన్నీ, శ్రీశైలాన్నీ, చాయ్ హోటల్ వాళ్ళనీ పేరు పేరునా తిట్టాను. కాసేపటికి పాలు పోసుకుని తిరిగి వస్తూ జానమ్మ కనబడింది. నా కాలు చూసి క్యాన్లు దించి మోపెడ్ చేతికిచ్చింది.

మంద దగ్గరికి చేరి, దొరికిన గొర్రెకల్లా మందు పోశాను. ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ఎర్రచెవులది లేవలేదు. దాని తల మా ఆయన ఒళ్ళో ఉంది, అప్పటికే చల్లబడింది.

"గింతసేపు ఏంది? పెద్దబండి ఏమైంది?" అన్నాడు.

ఎర్రచెవులదాని పక్కన కూలబడి చెవులు నిమిరాను. ఎదురుగా మా పెద్ద పొట్టేలు నెమరేస్తూ నిలబడి ఉంది. దాని పొట్ట కింద గోనెగుడ్డ కట్టి ఉంది.

"గా పొట్టేలుకు గోనె ఎందుకు కట్టినవ్?" అని అడిగాను.

ఏడుపులో కూడా ఆయనకు కోపం వచ్చింది. "కొత్తగ ఎదకొచ్చిన గొర్రెలున్నయ్ మందల. గంత పెద్దదాన్ని వాటి మీదికి ఇడిస్తే పిల్ల పెద్దదై అడ్డం పడ్తది, తల్లి సచ్చిపోతది. గొల్లోని పెండ్లానివి, గంత తెల్వదా?"

"నాకు తెలుసు. బండి కొనేనాడు నీకే తెల్వలే," అన్నాను.

ఆయన నా కాలిన పిక్క వైపు చూశాడు.

తర్వాతి వారం పెద్దబండిని నష్టానికి ఇచ్చేసి నూరు సీసీది తీసుకోవడానికి అదే షోరూంకు పోయాం. ఈసారి ఆయన ట్యాంకు చరచలేదు, చప్పుడు వినలేదు. "కూసో," అన్నాడు. నేను కూర్చున్నాక కింద గొంతుకూర్చుని, గొర్రె గిట్టలు చూసినట్టు నా మడమలు రెండూ పట్టి చూశాడు. రెండూ నేలకు ఆనాయి.

"ఆనినయ్," అన్నాడు.

లేచి నిలబడేసరికి పక్కన ఎవరో ఆసామి కొడుకు కోసం పెద్దబండి చూస్తున్నాడు. మా ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అతని దగ్గరికి పోయాడు. "మొదటిసారి తోలెటోళ్ళకు చిన్నదే మంచిదన్నా. నేను ముందట్నుంచి గిదే చెప్తున్న, ఇంట్ల ఎవ్వలు ఇనరు," అన్నాడు.

షోరూం అమ్మాయి నా వైపు చూసి నవ్వు ఆపుకుంది. ఎర్రచెవులది బతికి ఉంటే నేను కూడా నవ్వేదాన్ని.