ఫొటో చీర

నేను ఒక చీరను. అరకు లోయలో ఒక వ్యూపాయింటు పక్కన, టార్పాలిన్ కింద దండెం మీద వేలాడేదాన్ని. అందరూ నన్ను గిరిజన చీర అనేవారు. నేను పుట్టింది సూరత్‌లో, ఒక మిల్లులో. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నా యజమానురాలు పాంగి లచ్చిమి. కార్లలో వచ్చే ఆడవాళ్లకు, ఫొటోకి ఇంతని తీసుకుని, నన్ను పిక్కల పైకి బిగించి కట్టి, ముడిలో ప్లాస్టిక్ పూలు గుచ్చి, చేతికో బుట్ట ఇచ్చేది. అంతటితో వాళ్లు కొండజాతి స్త్రీలైపోయేవారు. లచ్చిమి మాత్రం నైటీ మీద తువ్వాలు వేసుకుని ఉండేది. ఫొటోలో పడుతోందని ఆమెను పక్కకు జరగమనేవారు. జరిగేది. డాక్టరమ్మలు, కొత్త పెళ్లికూతుళ్లు, పందెంలో ఓడిన మీసాలాయన ఒకరు కూడా నన్ను కట్టుకున్నారు. అందరూ ఒకేలా నవ్వారు.

ఒక వానరోజున విజయవాడ నుంచి హైమవతి గారు వచ్చారు. బ్యాంకులో మేనేజరు. నన్ను కట్టుకుని నిలబడ్డారు. భర్త ఫణీంద్ర గారు ఫోను సరిచూసుకుంటుండగా, కొండ మీంచి ఇద్దరు మనుషులు కర్రకు దుప్పటి కట్టిన డోలీ మోసుకుంటూ దిగారు.

"ఇదేదో బాగుందే! మా ఆవిణ్ని ఇందులో కూర్చోబెట్టి ఒకటి తీసుకోనిస్తారా?" అని అడిగారాయన.

దుప్పటిలోంచి మూలుగు వినిపించింది. లచ్చిమి పరుగెత్తింది.

"ఓలమ్మో, సోమారీ! ఇది ఆట కాదు బాబూ, నా సెల్లి. నొప్పులు పడతంది. అంబులెన్సుకి ఎప్పుడో ఫోన్ సేసినారంట, ఇంకా రానేదు."

ఫణీంద్ర గారు తన కారు వంక చూశారు. కొత్తది, సీట్ల మీది కవర్లు ఇంకా తీయలేదు. హైమవతి గారు అప్పటికే వెనక తలుపు తెరిచేశారు.

"ఇంకేం చూస్తారు? ఎక్కి నడపండి."

ఘాట్ మలుపుల్లో, వెనక సీట్లో లచ్చిమికీ హైమవతి గారికీ మధ్య ఒరిగిన సోమారి నా కొంగును గుప్పిట బిగించి పట్టుకుంది. హైమవతి గారికి పిల్లలు లేరు. ఏం చెయ్యాలో తెలియక సోమారి తల నిమురుతూ, "వచ్చేశాం, ఇదిగో వచ్చేశాం" అని దారంతా అబద్ధాలాడారు. ఆసుపత్రి గేటు కనబడుతుండగా కార్లోనే ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. లచ్చిమి నా కొంగుతోనే పిల్ల మొహం తుడిచి, వీపు రుద్దింది. మళ్లీ రుద్దింది. అప్పుడు ఏడ్చింది. పిల్లతో పాటు ఫణీంద్ర గారు కూడా.

తల్లీబిడ్డల్ని లోపలికి తీసుకెళ్లిన నర్సు తిరిగొచ్చి, నెత్తుటి మరకలతో ఉన్న నన్నూ, నన్ను కట్టుకున్న మనిషినీ చూసింది.

"ఏయ్, దారికడ్డం నిలబడకు. మీకెన్నిసార్లు చెప్పాలి? పోయి ఆ మూల కింద కూచో."

హైమవతి గారు నోరు తెరిచారు. తానెవరో చెప్పబోయారు కాబోలు. లచ్చిమి అప్పటికే ఆ మూల కూర్చుని, తువ్వాలుతో పక్కన నేల తుడుస్తోంది.

"రా అమ్మా, కూకో. ఆల్లు అలాగే అంతారు."

ఆవిడ నోరు మూసుకుని వెళ్లి పక్కన కూర్చున్నారు. సోమారిని చూడనిచ్చేదాకా లేవలేదు. సాయంత్రం టార్పాలిన్ దగ్గరికి తిరిగొచ్చి బట్టలు మార్చుకున్నారు. ఫొటో సంగతి ఎవరూ ఎత్తలేదు.

మరక పోలేదు. ఇక నన్నెవరు కట్టుకుంటారని లచ్చిమి చెల్లెలికిచ్చేసింది. ఇప్పుడు కొండ మీద సోమారి ఇంట్లో ఉయ్యాలనయ్యాను. పాప నన్ను రోజూ తడుపుతుంది. రోజూ ఉతికి, ఇంటి ముందు బండ మీద ఆరేస్తారు. అక్కణ్నుంచి లోయంతా కనిపిస్తుంది, కాఫీ తోటలూ, వాటి మీద పాకే మబ్బులూ. వ్యూపాయింటు దగ్గర అన్నేళ్లున్నా ఇవేవీ నేను చూడలేదు. నన్ను కట్టుకున్నవాళ్లంతా లోయకు వీపు పెట్టే నిలబడేవారు.