కింది పెదవి

ఉడుకుతున్న నీళ్ళలోంచి పట్టకార్లు ఒక్కొక్కటే తీసి తెల్లగుడ్డ మీద ఆరబెడుతున్నాడు సాలోమోను. మేడ్చల్‌లోని ఆ చిన్న దవాఖానాలో ఇరవై రెండేళ్ళుగా కంపౌండరు. బక్కపలచని మనిషి. వేళ్ళ నిండా టింక్చరు మరకలు, మోకాళ్ళ దగ్గర మాసికలు పడ్డ పాంటు. బైబిల్లో ఆ పేరుగల రాజు మహాజ్ఞాని. ఈ సాలోమోనుకు జ్ఞానం రావడానికి మాత్రం ఒక జ్ఞానదంతం పీకవలసి వచ్చింది, అదీ ఇంకొకరిది.

నాగారం నుంచి రాధమ్మ దవడ పట్టుకుని వచ్చింది. వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, చిన్న అద్దం నోట్లో పెట్టి చూశాడు. కింది దవడ చివరి పన్ను పక్కపన్ను మీదికి ఒరిగి పడుకుని ఉంది.

"సికింద్రాబాదు పో తల్లీ. ఆడ పన్నుకు ఫోటో దీసి, వేర్లు ఎటున్నయో జూసి తీస్తరు."

"గంత దూరమెందుకు సారూ? నాట్లున్నయి. జల్దీ పీకెయ్."

"దీని కింద పెదవికి పొయ్యే నరముంటది. అది నలిగితే పెదవి మొద్దువారుతది. నేను ముట్ట."

ఆమె గొణుక్కుంటూ చీటీ కొంగున కట్టుకుని వెళ్ళింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనుకున్నాడు సాలోమోను. సరిగ్గా ఆరేళ్ళ కిందట ఈ దవాఖానా డాక్టరమ్మ తనకు చెప్పిన మాటలే ఇవి. పడుకున్న పన్ను జోలికి పోవద్దంది. ఆమె క్యాంపుకు వెళ్ళిన రోజునే గౌడవెల్లి సోమయ్య వచ్చాడు. క్షౌరం అతని కులవృత్తి, సన్నాయి అతని ప్రాణం. మర్నాడు శామీర్‌పేటలో పెళ్ళికి వాయించాలని కాళ్ళావేళ్ళా పడ్డాడు. "నీ అసొంటి చెయ్యి మేడ్చల్ల ఎవలకున్నది సాబ్?" అన్నాడు. ఆ ఒక్క మాటకు సాలోమోను ఉబ్బిపోయాడు. పన్ను విరిగింది. వేరు కోసం ఇనుప పరికరాన్ని లోతుకు దింపి తిప్పాడు. సోమయ్య కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

ఆ రోజు నుంచి అతని కింది పెదవికి స్పర్శ లేదు. నోట పట్టి ఊదే ఆకు, సన్నాయి పీక, పెదాల మధ్య నిలవలేదు. "నెల రోజులల్ల సర్దుకుంటది" అన్నాడు సాలోమోను, సర్దుకోదని తెలిసీ. ఆ అబద్ధాన్నీ, డాక్టరమ్మ వద్దన్న సంగతినీ ఆరేళ్ళుగా కడుపులో దాచుకున్నాడు.

ప్రతి శనివారం సోమయ్య వచ్చి దవాఖానా అరుగు మీద అతనికి గడ్డం గీస్తాడు. వంగి గీస్తుంటే మొద్దు పెదవి నుంచి చొంగ కారి సాలోమోను చెంప మీద పడుతుంది. పడినట్టు సోమయ్యకు తెలియదు. సాలోమోను తుడుచుకోడు. చెప్పేద్దామని నోరు తెరిచేసరికి కత్తి గొంతు మీదికి వస్తుంది. "కదలకు సాబ్" అంటాడు సోమయ్య. అంతటితో ఆ వారం గడిచిపోతుంది.

ఇవాళ శనివారమే. రాధమ్మకు చెప్పగలిగిన మాట సోమయ్యకెందుకు చెప్పలేడు? కత్తి తియ్యకముందే చెప్పెయ్యాలి. మెడ చుట్టూ తువ్వాలు కట్టుకుని, గడ్డం తడుపుకుని, అరుగు మీద పీట వేసుకుని కూర్చున్నాడు. గడ్డం ఆరిపోయింది. మళ్ళీ తడుపుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక సోమయ్య తమ్ముడు సత్తయ్య వచ్చాడు. చేతిలో మంగలిపొది లేదు.

"అన్న తెల్లారంగ పోయిండు సాబ్. నాలుగొద్దుల జరం. చుట్టాలకు చెప్పొస్తున్న."

సత్తయ్య రుమాలు ముడి విప్పి చిన్న వస్తువొకటి పీట పక్కన పెట్టాడు.

"నిన్న నా చేతుల వెట్టిండు. మీకియ్యమన్నడు. 'నేను తొందర వెట్టవట్టే సాబు చెయ్యి తప్పింది. తప్పు నాది. మాఫీ అడుగుదామంటే ఆరేండ్ల సంది మొకం చెల్లలే' అని చెప్పమన్నడు."

"కాదు సత్తయ్యా, డాక్టరమ్మ నాకు ముందే..." అన్నాడు సాలోమోను. మాట పూర్తయ్యేలోగా సత్తయ్య రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇంకా మూడు ఊళ్ళు తిరగాలి. దండం పెట్టి మెట్లు దిగిపోయాడు.

సాలోమోనుకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. తాను చెప్పవలసిన మాటను చచ్చేవాడు చెప్పి పోయాడు. తువ్వాలు విప్పి పెట్టి, గీయని గడ్డంతోనే లోపలికి వెళ్ళాడు.

అరుగు మీద, తడి తువ్వాలు పక్కన, సన్నాయి పీక ఉంది. పీక ఆకు ఎండి గోధుమరంగుకు తిరిగింది. చుట్టిన దారం మాత్రం కొత్తది.